తొమ్మిదో చెయ్యి

పన్ను మరీ తెల్లగా ఉంటే అది కట్టుడు పన్నని ఎదుటివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. చిగుళ్ళ దగ్గర కాస్త పసుపు ఉండాలి. కొరికే అంచున కొంచెం అరుగుదల ఉండాలి. మనిషి రోజుకి ఆరు టీలు తాగే రకమైతే ఆ టీలు కూడా పన్నులో కనపడాలి. అప్పుడే అది నోట్లో కలిసిపోతుంది.

ఆమె పళ్ళ ల్యాబులో చేరి ఇరవై రెండేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణం పైన, మొదటి అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో అచ్చులు, పింగాణీ పొడి డబ్బాలు, సూట్‌కేసంత కొలిమి. వెనక గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. ఆ కిటికీకి తెర లేదు. రంగు చూడాలంటే పగటి వెలుగే కావాలి. డాక్టర్లు పంపే చీటీ మీద వయసూ కొలతా రాసి ఉంటాయి. ఆమెకి అవి చాలవు. ఫోన్ చేసి అడుగుతుంది. ఏ పక్క నములుతాడు? సిగరెట్టు ఉందా? పక్క పన్ను అంచు ఎప్పుడు విరిగింది?

"పళ్ళక్కా, పన్ను చెయ్యమంటే పెళ్ళి సంబంధానికి వాకబు చేసినట్టు చేస్తావేంటి?" అంటాడో డాక్టరు.

"సంబంధమే కదండీ. పక్క పన్నుతో జీవితాంతం సర్దుకుపోవాలి," అంటుంది ఆమె.

అలా ఆమె పేరు పళ్ళక్క అయిపోయింది. వీధి చివర చెప్పులు కుట్టేవాడు కూడా అలాగే పిలుస్తాడు. ఆమెకేం అభ్యంతరం లేదు.

ఇంటికొచ్చాక ఇంకో పని ఉంది. దానికి జీతం లేదు. వంటింటికీ హాలుకీ మధ్యనున్న సన్నటి సందులో ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, పక్కన గ్లాసులో నాలుగు పాత బ్రష్షులు. బ్రష్షులతో అక్కడ అవసరం లేదు. అవి నాన్నవి.

ఆ పని మొదలవడానికి కారణం ఆమె భర్త. ఆయన లిఫ్టు మెకానిక్. మూడేళ్ళ క్రితం ఒక చిన్న పెట్టె తెచ్చి టీవీకి తగిలించాడు. చిన్నప్పుడు పార్లర్లలో టోకెన్ వేసి ఆడిన వీడియో గేములన్నీ అందులో ఉన్నాయి. ఆటలు అవే, చప్పుళ్ళు అవే. కానీ ఆ కాలపు తెరలు చాలావరకు నిలువుగా ఉండేవి. ఇప్పటి టీవీ అడ్డంగా ఉంటుంది. ఆట మధ్యలో సన్నగా నిలబడింది. అటూ ఇటూ నల్లటి ఖాళీ.

"లిఫ్టు రాకముందే తలుపు తీసి తొంగిచూసినట్టుంది," అన్నాడాయన దిగాలుగా.

ఆమెకి మాత్రం ఆ నలుపు పన్ను ఊడిన సందులా కనపడింది. సందు కనపడితే ఆమె చేతులు ఊరుకోవు.

వెతికితే తెలిసింది, ఆ సందు పూడ్చేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారని. ఆట తెర చుట్టూ, అసలు ఆ ఆట ఏ పెట్టెలో ఉండేదో ఆ పెట్టె బొమ్మని పరుస్తారు. దాన్ని ఓవర్లే అంటారు. నడుమ కిటికీలాంటి ఖాళీ వదులుతారు, అందులోంచి ఆట కనపడుతుంది. పెట్టె పక్కచెక్కల మీది బొమ్మల్ని తలుపు రెక్కల్లా తెరిచి ఎడమా కుడీ నిలబెడతారు. కింద జాయ్‌స్టిక్కు, బటన్లు, ఎలా ఆడాలో చెప్పే కార్డు.

ఆమె మొదటి ఓవర్లే కొత్త గిన్నెలా మెరిసింది. చూసి పెదవి విరిచింది. మర్నాడు ల్యాబులో ఎవరిదో ముందు పన్నుకి మరక అద్దుతుండగా చెయ్యి ఆగింది. ఇదేగా పని, అనుకుంది. ఆ సాయంత్రం రెండో బటన్ చుట్టూ రంగు అరగదీసింది. ఆడేవాళ్ళ బొటనవేలు ఎక్కడ ఆనుతుందో అక్కడ చెమట మరక పెట్టింది. తెర అద్దం మీద ట్యూబులైటు వెలుగు గీత ఒకటి, చాలా పల్చగా. కార్డు మూల కాస్త లేచినట్టు. అప్పుడు భర్త వచ్చి సోఫా అంచున కూర్చుని, ముందుకు వంగి, చెయ్యి గాల్లోనే బటన్ మీదికి పోనిచ్చాడు. ఆమెకి అంతకన్నా పెద్ద మెప్పు అక్కర్లేకపోయింది.

మూడేళ్ళలో నలభై ఒకటి చేసింది. ఇంటర్నెట్‌లో ఓవర్లేలు చేసేవాళ్ళ గుంపొకటి ఉంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసింది లేదు. చేసినవి అక్కడ పెట్టుకుంటారు, మాట్లాడుకుంటారు. అరుగుదల అంటే పళ్ళక్కే అని అక్కడ పేరు. ఆ గుంపుకి పెద్ద ఒకాయన ఉన్నాడు. రిటైరైన సర్వేయరు. వచ్చిన ప్రతి ఓవర్లేనీ కొలిచి చూస్తాడు గనక అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు, ఆయన ముందే అంటారు. ఆయన దగ్గర రెండు అరలు. ఆధారంగా ఫొటో ఉంటే ఓవర్లే 'అసలు' అరలోకి వెళుతుంది. లేకపోతే, ఎంత బాగున్నా, 'ఊహ' అరలోకి. ఆయన చేత ఒక అరలోంచి ఇంకో అరలోకి మార్పించినవాళ్ళు ఇప్పటిదాకా లేరు.

నలభై రెండోది ముత్యాల ఆట.

ఒక మనిషి గొట్టం తగిలించుకుని సముద్రంలోకి దిగుతాడు, ముత్యాలేరుకుని పైకొస్తాడు. అంతే ఆట. ఊళ్ళో బస్ డిపో వెనకాల ఉన్న పార్లర్‌లో పదకొండు పెట్టెలుండేవి, అందులో ఇదొకటి. పెట్టె వచ్చినప్పుడు దాని పక్కచెక్క మీద కార్ల బొమ్మ ఉంది. లోపల సముద్రం, బయట కార్లు. పార్లర్ యజమాని దాన్ని చూసి తలపట్టుకుని, తనకి తెలిసిన బోర్డు పెయింటర్ని పిలిచాడు. ఆ పెయింటరు ఆమె నాన్న.

పక్కచెక్క విప్పి ఇంటికి తెచ్చుకుని, వాకిట్లో రెండు స్టూళ్ళ మీద పెట్టి, నాలుగు రోజులు వేశాడు. నీలం నీళ్ళు, అందులో ఎర్రటి ఆక్టోపస్. ఆమెకప్పుడు ఎనిమిదేళ్ళు. నాలుగో రోజు బడి నుంచి వచ్చేసరికి నాన్న బ్రష్షు కడుగుతున్నాడు.

"ఇలా రా. చేతులెన్నో లెక్కపెట్టు," అన్నాడు.

ఆమె వేలు పెట్టబోతే, "తడి, తడి. కళ్ళతో," అన్నాడు.

లెక్కపెట్టి ఎనిమిదంది.

"హమ్మయ్య," అన్నాడు నాన్న.

ఆ హమ్మయ్య ఎందుకో ఆమె అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి నాన్న ఏమన్నా సరైందే.

నాన్న పోయి పదిహేనేళ్ళు. ఆయన రాసిన బోర్డులన్నీ పోయాయి. మందుల షాపు, సైకిల్ షాపు, డ్రైవింగ్ స్కూలు, వరసగా అన్నిటి మీదా ఫ్లెక్సీలు వచ్చాయి. ఆయన చేతి గీత ఒక్కటీ ఎక్కడా మిగల్లేదు. గ్లాసులో ఆ నాలుగు బ్రష్షులు తప్ప.

కాబట్టి ముత్యాల ఆటకి ఆమె రెండు నెలలు తీసుకుంది. గుర్తున్నది గుర్తున్నట్టు వేసింది. గుర్తులేని చోట సముద్రజీవుల పుస్తకం చూసింది. ఎనిమిది చేతులు, చేతికి రెండు వరసల చూషకాలు, అంటే పట్టుకునే చిన్న చిన్న గిన్నెలు, ఎరుపులోకి కాస్త నారింజ. కుడిపక్క చెక్క ఎలా ఉండేదో తెలియక, గొట్టం మనిషిని నిలబెట్టింది. పూర్తి చేసి గుంపులో పెట్టింది. అందరూ నోరెళ్ళబెట్టారు. రెండో రోజు కొలబద్ద రాశాడు.

"మేడమ్, మీ పనితనానికి వంకలేదు. ఈ ఆటకి కార్ల బొమ్మ పెట్టె ఉండేదని నా దగ్గర మూడు ఫొటోలున్నాయి. ఆక్టోపస్‌కి ఒక్కటీ లేదు. మీ నాన్నగారి చేతిదని మీరన్నారు. నేను నమ్ముతాను. కానీ నా అర నమ్మదు. ఊహలో పెడుతున్నాను. అన్యథా భావించవద్దు."

ఆమె అన్యథానే భావించింది. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

"ఊహలో ఉంటే ఏమవుతుందమ్మా? ఆట ఆగదుగా," అంది డిగ్రీ చదివే కూతురు.

"ఆగదు."

"మరి?"

"మీ తాతయ్య బొమ్మ నేను కల్పించిందన్నట్టు ఉంటుంది. ఆయన వెయ్యనే లేదన్నట్టు."

కూతురు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. లేచి ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

*

ఆ ఆదివారం పొద్దున్నే ఆమె ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని టోకెన్ బాబాయ్ ఇంటికి వెళ్ళింది. పార్లర్ యజమాని ఆయనే. నాన్న స్నేహితుడు. పార్లర్ మూసేసి ఎన్నేళ్ళయినా ఆ పేరు మాత్రం మూతపడలేదు. ఇప్పుడు చెల్లెలి కుటుంబంతో మూడో అంతస్తులో ఉంటున్నాడు. గదిలో మంచం, కుర్చీ, కిటికీ గట్టు మీద ఒక ప్లాస్టిక్ సీసా నిండా ఇత్తడి టోకెన్లు. గాలికి పేపరు ఎగరకుండా నాలుగు టోకెన్లు దాని నాలుగు మూలలా పెట్టుకుని చదువుతున్నాడు.

"రా అమ్మడూ. మీ ఆయన్ని అడిగానని చెప్పు. మా లిఫ్టు మళ్ళీ రెండో అంతస్తులో అలిగి కూర్చుంది."

"చెప్తా బాబాయ్. ముందు ఇది చూడు. పెట్టె నిజంగా ఉందని నువ్వొక్కడివైనా చెప్పాలి. ఫొటో ఏమైనా ఉందా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఈ ఎరుపు మీ నాన్నదే. ఈ కంటి చూపు కూడా. అప్పు అడగడానికొచ్చిన బంధువులా చూసేది. భలే పట్టావే." తరవాత వేలు తెర మీద ఆనించి ఒక్కో చెయ్యే దాటుతూ పోయాడు. పెదాలు కదులుతున్నాయి. "ఒకటి తగ్గింది."

"ఏంటి?"

"చెయ్యి. మా దానికి తొమ్మిది."

"బాబాయ్, ఆక్టోపస్‌కి ఎనిమిదే ఉంటాయి."

"లోకంలో వాటికి ఉంటాయేమో. మా దానికి తొమ్మిది. పిల్లలంతా దాన్ని తొమ్మిదో చెయ్యి అనే పిలిచేవాళ్ళు. 'ఒరే, తొమ్మిదో చెయ్యి ఖాళీగా ఉంది, పద' అని."

ఆమెకి ఒళ్ళు మండింది. "నాన్న లెక్క తప్పే మనిషి కాదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య దారం పట్టి కొలిచేవాడు. నేను స్వయంగా లెక్కపెట్టాను. మా వాకిట్లో. ఎనిమిది."

"నువ్వు వాకిట్లో లెక్కపెట్టావు. నేను పన్నెండేళ్ళు పార్లర్‌లో దాని పక్కన కూర్చున్నాను."

"నీకు మతిమరుపొచ్చింది."

"వచ్చింది. పొద్దున టిఫిన్ ఏం తిన్నానో అడుగు, చెప్పలేను. దాని చేతులడుగు, చెప్తాను." కళ్ళజోడు తీసి ఆమెకేసి చూశాడు. "ఇంకోటి. ఈ కుడిపక్క మనిషెవరు?"

"ఆటలో మనిషి."

"కుడిపక్క ఏమీ లేదమ్మా. ఆ పక్క గోడ. గోడకెందుకు బొమ్మ, రంగు దండగని నేనే వద్దన్నాను. నీలం పూత ఒకటి వేశాడంతే. వానాకాలం చెమ్మకి అదీ బుడగలెత్తింది."

రెండు నెలల పనిలో సగం అలా ఎగిరిపోయింది. ఆమె ల్యాప్‌టాప్ తన ఒళ్ళోకి తీసుకుంది. టోకెన్ బాబాయ్ చెల్లెలు టీ తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, కప్పులు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

"ఫొటో లేదు గానీ," అన్నాడు చివరికి, "చెక్క ఉండొచ్చు."

పార్లర్ మూసినప్పుడు పదకొండు పెట్టెల చెక్కా ఒక వడ్రంగి తీసుకెళ్ళాడట. మంచి మందం ప్లైవుడ్డు. బల్లలు చేశాడు, అరలు చేశాడు. బొమ్మలున్న వైపు ఎప్పుడూ లోపలికో కిందికో తిప్పేవాడు. పాత సరుకని తెలియకూడదు కదా. వాటిలో ఒక బల్ల సినిమా హాలు సందులో టైలర్ మాస్టారు కొన్నాడని టోకెన్ బాబాయ్‌కి గుర్తు. ఏ పెట్టెదో తెలియదు.

*

సందులో మూడో దుకాణం. సోమవారం ల్యాబు నుంచి వచ్చేటప్పుడు ఆగింది. టైలర్ మాస్టారు మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. బల్ల మీద స్కూలు యూనిఫారాల గుడ్డ కొండలా పడి ఉంది. ఎల్లుండి బళ్ళు తెరుస్తారు.

"బల్ల తిరగెయ్యాలా? ఇవాళా?" గుండుసూదులు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మా, ఈ బల్ల ఇరవై ఆరేళ్ళుగా కదల్లేదు. దీన్ని తిరగేస్తే నేనూ తిరగబడతాను."

"తిరగెయ్యక్కర్లేదు మాస్టారూ. నేను కిందికి దూరతాను."

ఆయన ఆమె వయసుకేసి, ఆమె ఇస్త్రీ చీరకేసి చూసి, తన మాట తనకే సిగ్గనిపించినట్టు, గుడ్డముక్కలు ఊడ్చి ఒక పాత దుప్పటి పరిచాడు. "తల జాగ్రత్త. మేకులుంటాయి."

ఆమె వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. దారాల వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన. ఫోన్ దీపం వేసింది.

నీలం. ముఖానికి జానెడు దూరంలో, నీలం. దాని మీద ఎరుపు.

కొంతసేపు ఆమె ఏమీ లెక్కపెట్టలేదు. నెత్తి భాగం వడ్రంగి రంపంతో కోసేశాడు. కళ్ళు మిగిలాయి. ఆ చూపు అదే. మూలన, చేతి వంపు దగ్గర, నాన్న బ్రష్షు వెంట్రుక ఒకటి రంగులో అంటుకుని ఉంది.

తరవాత లెక్కపెట్టింది. తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిదే.

"దొరికిందా?" పైనుంచి మాస్టారి గొంతు. కత్తెర చప్పుడు ఆగింది.

"దొరికింది. ఇక్కడ ఆక్టోపస్ ఉందని మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? గుండుసూది పడ్డప్పుడల్లా చూస్తూనే ఉంటాగా. నా మోకాళ్ళ మీద ఇరవై ఆరేళ్ళుగా అదే కాపురం."

"దీనికి చేతులెన్నో చూశారా?"

"నాకు మనుషుల చేతులు కొలవడానికే టైము లేదమ్మా."

ఆమెకి నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పడుకుని ఉంది కదా, చెవుల్లోకి జారాయి. నాన్న తప్పు చేశాడు. ఇప్పుడు ఫొటో తీసి పంపితే బొమ్మ అసలు అరలోకి వెళుతుంది, దాంతోపాటు ఆయన తప్పూ వెళుతుంది. లోకం ఉన్నన్నాళ్ళూ ఎవడో ఒకడు లెక్కపెట్టి నవ్వుతాడు. పంపకపోతే ఎనిమిది చేతులూ భద్రంగా ఊహలో ఉంటాయి.

అలవాటు కొద్దీ ఆమె దీపాన్ని పక్కకి వంచింది. పన్ను మీద పూత ఎన్ని పొరలో చూడాలంటే వెలుగు ఎదురుగా పడకూడదు, పక్కనుంచి జారాలి. అలా జారగానే తొమ్మిదో చేతి చుట్టూ గట్లు కనపడ్డాయి. నీలం గట్లు. ఒకదాని లోపల ఒకటి.

ఆ చెయ్యి పైన వేసింది కాదు. అడుగున ఉంది.

నాన్న మొదట అక్కడ ఒక చెయ్యి వేశాడు. లెక్క తప్పిందని చూసుకుని, దాని మీద నీలం వేసి మూసేశాడు. ఆ సాయంత్రమే కూతుర్ని పిలిచి లెక్కపెట్టమన్నాడు. హమ్మయ్య అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ తరవాత ఆ హమ్మయ్య ఎందుకో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

కానీ ఆ నీలం అరిగిపోయింది. ఆయన మళ్ళీ వేశాడు. మళ్ళీ అరిగింది. ఆమె పొరలు లెక్కపెట్టింది. ఇరవై దాటాక వదిలేసింది. అడుగు పొరలు మందంగా, బోర్డు పెయింటరు వేసినట్టే ఉన్నాయి. పైకొచ్చేకొద్దీ పల్చబడ్డాయి. చివరివైతే టీలో నీళ్ళు కలిపినట్టు, అసలు పూతే కానట్టున్నాయి. ఇదొక్కటే ఆమెకి అర్థం కాలేదు. రంగు దగ్గర నాన్న ఎప్పుడూ పిసినారితనం చూపించలేదు.

మాస్టారి టేపు అడిగి తీసుకుని, బొమ్మ పక్కన ఆనించి పట్టుకుని, పద్దెనిమిది ఫొటోలు తీసింది. బయటికొచ్చేసరికి జుట్టు నిండా దారాలు.

"యూనిఫారాలయ్యాక రండి, తిరగేద్దాం," అన్నాడు మాస్టారు. ఆమె తల మీదినుంచి ఒక నీలం దారం తీసి పక్కన పెట్టాడు.

*

ఇంట్లో రెండు పక్షాలయ్యాయి.

"ఎనిమిది పెట్టు," అన్నాడు భర్త. "మామయ్యగారు మూసేసిన దాన్ని మనం తెరవడమేంటి? నేను లిఫ్టు రిపేరు చేసొచ్చాక, 'మొదట తప్పు వైరు తగిలించాడు' అని ఎవరైనా బోర్డు పెడితే నాకెలా ఉంటుంది?"

"కానీ అందరూ చూసింది తొమ్మిది నాన్నా," అంది కూతురు. "అమ్మ చేసే పనే అది. ఉన్నది ఉన్నట్టు. సిగరెట్ మరకలు కూడా వదలదు, ఇది వదుల్తుందా?"

"మరకలు ఊళ్ళోవాళ్ళవి. ఇది సొంత మావగారిది."

ఆమె ఇద్దరి మాటా విని, ఆ వారమంతా కంప్యూటర్ తెరవలేదు. ల్యాబులో పళ్ళు చేసుకుంది. ఆదివారం మళ్ళీ టోకెన్ బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఫొటోలు చూపించి, ఒక్కటే అడిగింది. "ఈ నీలం ఎందుకు అరిగింది? చివర్లో ఇంత పల్చగా ఎందుకు వేశాడు?"

ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసుకున్నాడు. వెనక్కి ఆనుకున్నాడు.

"మొదట్లో అది కనపడలేదే. ఆరేడు నెలలకి ఒక పిల్లాడి భుజం రాపిడికి కాస్త ఎరుపు బయటపడింది. వాడు ఆ రోజు ఎప్పుడూ లేనంత ఆడేశాడు. ఇంకేముంది? దాన్ని తాకితే ఆట బాగా వస్తుందని పుకారు. టోకెన్ వేసే ముందు ప్రతివాడూ దాన్ని రుద్దడమే. ఆడపిల్లలు గుమ్మంలోంచి చెయ్యి చాపి రుద్దేసి పారిపోయేవాళ్ళు, పరీక్షలప్పుడు."

"నాన్నకి తెలుసా?"

"తెలియకేం. మండిపడ్డాడు. 'నా తప్పు ఊరంతా రుద్దుతున్నారు' అని నెలకోసారి చిన్న డబ్బాతో వచ్చి మూసేసేవాడు. వీళ్ళు మూడు రోజుల్లో తెరిచేసేవాళ్ళు. ఒక ఏడాది అదే యుద్ధం. ఒకసారి మందంగా రెండు పూతలు వేసి వెళ్ళాడు. ఓ చిన్నపిల్ల, చెయ్యి సరిగ్గా అందదు కూడా, మునివేళ్ళ మీద నిలబడి రుద్దుతోంది, రుద్దుతోంది, రావట్లేదు. మీ నాన్న నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. చూసి చూసి, 'పూత గట్టిగా పడింది కదరా' అన్నాడు. అంతే. తరవాతి నెల నుంచి టర్పెంటైన్ ఎక్కువ కలిపి తెచ్చేవాడు."

"మానెయ్యొచ్చుగా, వెయ్యడం?"

"నేనూ అదే అన్నాను. 'మూయకపోతే వాళ్ళు తెరిచేదేంటి?' అన్నాడు." టోకెన్ బాబాయ్ సీసాలోంచి ఒక టోకెన్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "చివరిదాకా వచ్చాడమ్మడూ. నెలకోసారి. నీళ్ళలాంటి నీలం పట్టుకుని."

ఆమె ఫొటో మళ్ళీ చూసింది. పైపొరలు పల్చగా, పల్చగా. బాబాయ్ చెప్పింది చెక్క మీద రాసి ఉంది. ఇది ఓదార్పు మాట కాదు.

*

ఓవర్లే మళ్ళీ చెయ్యడానికి మూడు వారాలు పట్టింది. గొట్టం మనిషిని తీసేసింది. కుడిపక్క ఉత్త నీలం, చెమ్మకి లేచిన బుడగలు. ఆ బుడగలకి ఒక పూర్తి సాయంత్రం పట్టింది, ఆ సాయంత్రం ఆమె చాలా హాయిగా గడిపింది. ఎడమపక్క పద్దెనిమిది ఫొటోలూ కలిపి కుట్టింది. కోసేసిన నెత్తి భాగం తన గుర్తులోంచి వేసి, అది గుర్తులోంచి వేసిందని రాసింది. అంటుకున్న బ్రష్షు వెంట్రుక అలాగే ఉంచింది.

తొమ్మిదో చెయ్యి చివరికి మిగిల్చింది. ఆ పెట్టె జీవితంలో ఏ రోజుని చూపించాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. కొత్త పూత పడిన రోజు కాదు. పూర్తిగా అరిగిన రోజూ కాదు. నాన్న డబ్బా మూసి వెళ్ళిన రెండో రోజు. నీలం ఇంకా ఉంది, కానీ పల్చగా. చేతి కొసన నాలుగు వేళ్ళ వెడల్పున ఎరుపు బయటపడుతోంది. లెక్కపెట్టనివాళ్ళకి ఎనిమిదే. దగ్గరికొచ్చినవాళ్ళకి తొమ్మిది.

కొలబద్దకి ఫొటోలన్నీ పంపి, జరిగింది పది వాక్యాల్లో రాసింది. నాలుగు రోజులు జవాబు లేదు. ఐదో రోజు వచ్చింది.

"మేడమ్, ఫొటోల్లో టేపు ఆనించి ఉంచినందుకు మొదట ధన్యవాదాలు. నా జీవితంలో ఇంత చక్కటి ఆధారం చూడలేదు. టైలర్ గారి టేపు ఒక అంగుళం దగ్గర కాస్త సాగి ఉంది, సరిచేసుకుని కొలిచాను. అసలు అరలోకి మార్చాను. మీ పది వాక్యాలూ తీసెయ్యకుండా పక్కన ఉంచాను. ఒక సంగతి. మా ఊళ్ళో పార్లర్‌లో కారు ఆట స్టీరింగ్‌ని మూడుసార్లు తట్టి కూర్చునేవాణ్ణి. ఇది ఆధారం లేని విషయం, ఎక్కడా నమోదు చెయ్యవద్దు."

ఆమె అది బిగ్గరగా చదివి వినిపించింది. కూతురు చప్పట్లు కొట్టింది. భర్త, "మనిషేనన్నమాట," అన్నాడు.

తరవాతి ఆదివారం, భర్త వెళ్ళి లిఫ్టు బాగుచేసి, అందులోనే టోకెన్ బాబాయ్‌ని దించి, ఇంటికి తీసుకొచ్చాడు. సోఫాలో కూర్చోబెట్టి జాయ్‌స్టిక్కు చేతికిచ్చారు. టీవీలో ముత్యాల ఆట వెలిగింది. మధ్యలో సముద్రం, కుడివైపు బుడగల నీలం, ఎడమవైపు ఎర్రగా అది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. జాయ్‌స్టిక్కు పక్కన పెట్టి, సోఫా చెయ్యి పట్టుకుని లేచాడు.

"ఏం కావాలి బాబాయ్? మంచినీళ్ళా?"

"ఉండమ్మా."

టీవీ దాకా నడిచాడు. ఎడమవైపు వంగి, బొటనవేలు పెట్టి, తొమ్మిదో చేతి ఎరుపు మీద రెండుసార్లు రుద్దాడు. వెనక్కొచ్చి కూర్చుని టోకెన్ బటన్ నొక్కాడు. ఆటలో మొదటి గొట్టం మనిషి అరనిమిషంలో సొరచేప నోట్లో పడ్డాడు.

"పూత మందంగా వేశావే," అన్నాడు ఆమెకేసి చూసి.

అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నం ఒకళ్ళ తరవాత ఒకళ్ళు ఆడారు. ప్రతివాళ్ళూ లేచి వెళ్ళి రుద్దొచ్చారు, లిఫ్టు మెకానిక్ కూడా. ఆయన వంతు వచ్చేసరికి టీవీ మీద ఆ చోట చమురు మరక పడింది. వెలుగు పక్కనుంచి పడితే అందరి వేళ్ళూ కనపడతాయి.

సోమవారం పొద్దున ల్యాబుకి బయలుదేరే ముందు ఆమె మెత్తటి గుడ్డ తెచ్చి టీవీ తుడిచింది. ఆ చోటికి వచ్చేసరికి పైపైన ఒక్కసారి మాత్రం అద్ది, గుడ్డ మడిచి పెట్టేసింది.

"అమ్మా, మరక ఇంకా ఉంది," అంది కూతురు జడ వేసుకుంటూ.

"ఉండనీ. మళ్ళీ సోమవారం తుడుస్తాను," అంది ఆమె. చెప్పులేసుకుని మెట్లు దిగింది. ఆ రోజు నలభై ఏళ్ళ మనిషికి కింది పన్ను ఒకటి చెయ్యాలి. ఏ పక్క నములుతాడో ఇంకా అడగలేదు.